బండి ఎవరి కోసం ఆగుతది?

వరంగల్లు, కాజీపేట స్టేషన్లు ఎరుగని విద్యార్థి మన కాలేజీలో ఉండడు. హాస్టలు మిత్రుల్లో సగం మంది పెట్టె, పరుపుచుట్ట మోసుకొని దిగింది ఆ రెండు చోట్లనే. అయితే వాటికి అటూ ఇటూ ఉన్న స్టేషన్ల పేర్లు వరసగా చెప్పమంటే ఎంతమంది చెప్పగలరు? డోర్నకల్లు దిక్కు పోతే వంచనగిరి, చింతలపల్లి, ఎల్గూరు, నెక్కొండ, ఇంటికన్నె, కేసముద్రం, తాళ్లపూసపల్లి. బల్లార్షా దిక్కు పోతే హసన్‌పర్తి రోడ్డు, ఉప్పల్, జమ్మికుంట, బిసుగిర్ షరీఫ్, పొత్కపల్లి, ఓదెల, కొలనూరు. హైదరాబాదు దిక్కు పెండ్యాల, ఘన్‌పూర్, రఘునాథపల్లి. ఎక్స్‌ప్రెస్ బండిలో కిటికీ పక్కన కూచున్నవారికి ఇవన్నీ పసుపుపచ్చ బోర్డు మీద చదివేలోపలే వెనక్కు పోయే అక్షరాలు.

పోయిన రెండేళ్లుగా నేను, నా రూమ్మేటు సెలవు దొరికినప్పుడల్లా ఇటువంటి చిన్న స్టేషన్లలో దిగి చూసి వస్తున్నాము. "అక్కడ ఏమున్నదిరా, వేయిస్తంభాల గుడి ఉన్నదా?" అని మిత్రులు ఎగతాళి చేస్తారు. ఉండేది ఒక వేపచెట్టు, రెండు సిమెంటు బెంచీలు, ఒక టికెట్ల కిటికీ, వేళ్ల మీద లెక్కబెట్టేటంత మంది జనం. కాని ఇంత చిన్న జాగకు రెండు వైపులా సిగ్నళ్లు, పక్కకు చీలిన పట్టాలు, రాత్రింబగళ్లు డ్యూటీ. పది మంది ఎక్కని చోట ఇంత సరంజామా ఎందుకు? భౌతికశాస్త్రం చదివేవానిని ఈ ప్రశ్న ఊరుకోనియ్యదు. నాకు అర్థమయిన జవాబు ఏమంటే, ఇటువంటి స్టేషన్లు పుట్టింది మొదట బండి కోసం, తర్వాతనే మనిషి కోసం. ఈ సంగతి తెలిస్తే ఇప్పుడు చిన్న ఊళ్లకు, రైల్వేకు నడుస్తున్న పంచాయితీ సగం అర్థమవుతుంది.

రైలంటే ఇనుప పట్టా మీద ఇనుప చక్రం. రాపిడి తక్కువ, అందుకే ఒక్క ఇంజను వెయ్యి టన్నులకు పైగా గుంజగలుగుతుంది. అదే కారణం చేత తొందరగా ఆపనూ లేము. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోయే బండి బ్రేకు వేసినాక నిలబడేసరికి దాదాపు కిలోమీటరు పడుతుంది. బస్సు డ్రైవరు ఎదురుగా ఎడ్లబండి కనపడంగనే ఆపుతాడు. రైలు డ్రైవరుకు ముందు బండి కనపడేసరికి జరగవలసింది జరిగిపోతుంది. కనుక లైనును ముక్కలు చేసి, ఒక ముక్కలో ఒకసారి ఒకే బండి ఉండాలె అని నియమం పెట్టుకున్నారు. ఆ ముక్కనే బ్లాకు సెక్షను అంటారు. దానికి రెండు కొనల కాపలా కూచున్నదే స్టేషను. ఈ స్టేషను మాస్టరు ముందు స్టేషనుకు గంట కొట్టి అడుగుతాడు, అక్కడి సారు లైను క్లియర్ ఇస్తాడు, ఆ తర్వాతనే బండికి సిగ్నలు. సింగిల్ లైన్ల మీద ఇందుకు సాక్ష్యంగా ఒక ఇనుప గుండును పెట్టెలోనుంచి తీసి, తోలు సంచిలో వేసి, బెత్తపు రింగుకు తగిలించి డ్రైవరు చేతికి అందించేవారు. గుండు చేతిలో లేకుండా బండి కదలరాదు. మాబోటి రైతు కుటుంబాల పిల్లలకు దీన్ని చెప్పటం సులువు: ఒక మడి పారినాకనే ఇంకో మడికి మడవ తిప్పుతాము గదా, అంతే.

ఇప్పుడు చిన్న లెక్క. రెండు స్టేషన్ల మధ్య 15 కిలోమీటర్లు ఉన్నదనుకోండి. గంటకు 50 కిలోమీటర్లు నడిచే బొగ్గు గూడ్సు ఆ ముక్కను దాటటానికి 18 నిమిషాలు పడుతుంది. ఆ 18 నిమిషాలు వెనక ఎక్స్‌ప్రెస్ నిలబడవలసిందే. నడుమ ఒక స్టేషను పెడితే 9 నిమిషాలకే మొదటి ముక్క ఖాళీ అవుతుంది. పైగా ఆ నడిమి స్టేషనులో పక్క పట్టా, అంటే లూపు లైను, ఉంటే గూడ్సును అందులో పెట్టి ఎక్స్‌ప్రెస్‌ను ముందు పంపవచ్చు. అంటే పక్కన ఊరు లేకపోయినా, ఒక్క మనిషి ఎక్కకపోయినా ఆ స్టేషను పని చేస్తూనే ఉంటుంది. బ్లాకు పని లేకుండా జనం ఎక్కి దిగటానికే పెట్టినవి వేరే ఉన్నాయి. వాటిని హాల్టులంటారు. కొన్నిచోట్ల రైల్వే ఉద్యోగి కూడా ఉండడు, కమీషను మీద ఎవరో టికెట్లు అమ్ముతారు.

చిన్న స్టేషను విలువ అందరికీ తెలిసిన రోజు 2024 సెప్టెంబరు 1. ఆ ముందటి రాత్రి కురిసిన వానకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య చెరువు నీళ్లు పట్టాల మీదికి వచ్చి కింది కంకర, మట్టి కొట్టుకొనిపోయినాయి. నిచ్చెనను గాలిలో వేలాడదీసినట్టు పట్టాలు మాత్రం మిగిలిన ఫోటో దేశమంతా చూసింది. ఢిల్లీ నుంచి మద్రాసు పోయే పెద్ద లైను అది. వందల బండ్లు రద్దయినాయి, దారి మళ్లినాయి. ఆ రాత్రి నడుస్తున్న బండ్లను నిలిపింది ఎక్కడనుకున్నారు? కేసముద్రం, తాళ్లపూసపల్లి వంటి స్టేషన్లలోనే. వేల మంది ప్రయాణికులు తెల్లారేదాకా అక్కడ ఉన్నారు, తర్వాత వారిని బస్సుల్లో తరలించారు. నాలుగైదు రోజులలో మళ్లీ బండ్లు నడిచినాయి. ఈ స్టేషన్లు అక్కడ లేకపోతే ఆ బండ్లు చీకట్లో, నీళ్ల నడుమ నిలబడేవి.

ఇంకొక సంగతి. రెండు బండ్లు ఢీకొనకుండా తమంతట తామే ఆగిపోయే 'కవచ్' పరికరాన్ని 2022 మార్చి 4న రైల్వే మంత్రి ఇంజనులో కూచుండగా పరీక్షించి చూపినారు. జరిగింది వికారాబాదు దిక్కు గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య. ఎదుట ఉన్న ఇంజనుకు 380 మీటర్ల ఇవతలనే ఈ ఇంజను ఆగిపోయింది. ఆ రెండు పేర్లు అంతకుముందు ఎవరు విన్నారు?

చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. నైజాం రాజ్యానికి రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చింది. 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు పోయింది. సింగరేణి బొగ్గు అందుకు ఒక పెద్ద కారణం. కాజీపేట, బల్లార్షా లైను 1929లో పూర్తి అయింది. దానితోనే ఉత్తరాదికి, మద్రాసుకు ఈ దారి కుదిరింది, కాజీపేట జంక్షను అయింది. ఈ లైన్లు వేసినవారు ఊళ్లను చూసి పట్టా వంచలేదు. ఎత్తుపల్లాలు చూసి, వాగులు దాటే చోటు చూసి, ఆవిరి ఇంజనుకు నీళ్లు దొరికే చోటు చూసి వేసినారు. పట్టా పోయిన చోట స్టేషను పడింది, ఊరు ఉన్నచోటనే ఉండిపోయింది.

అందుకే మన పేర్లలో 'రోడ్డు' అనే తోక. హసన్‌పర్తి రోడ్డు, రేచ్ని రోడ్డు, ఆసిఫాబాదు రోడ్డు. ఊరు ఇక్కడ లేదు, ఊరికి పోయే తొవ్వ మాత్రం ఇక్కడ ఉన్నది అని దాని అర్థం. వీటన్నిటికీ పెద్దన్న భద్రాచలం రోడ్డు. ఆ స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. రాముడి దర్శనానికి అక్కడినుంచి ఇంకా 40 కిలోమీటర్లు పోయి గోదావరి దాటవలసిందే. దీనికి తలకిందులుగా మన ఘన్‌పూర్‌ను చూడండి. ఘన్‌పూర్ అనే పేరుతో ఊళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఏ ఘన్‌పూర్ అని అడిగితే స్టేషన్ ఘన్‌పూర్ అనటం అలవాటయింది. ఊరే స్టేషను పేరు పెట్టుకున్నది. అసెంబ్లీ నియోజకవర్గం పేరులో కూడా స్టేషను ఉన్నది. ఇక ఉప్పల్ స్టేషను అంటే హైదరాబాదు స్టేడియం ఉన్న ఉప్పల్ కాదు, కమలాపూర్ మండలంలోని ఉప్పల్. పట్నం మిత్రుడొకడు దీని మీద నాతో పందెం కట్టి టీ పోయించినాడు.

బండి కోసం పుట్టిన స్టేషను మనిషిది ఎట్లా అయింది? ఆగవలసి వచ్చి ఆగిన బండిని జనం వాడుకున్నారు. తెల్లారగట్ల ప్యాసింజరులో ఏ చిన్న స్టేషనులో దిగి చూసినా ఇదే తెలుస్తుంది. పాలక్యాన్లు, తోటకూర కట్టలు, వంకాయల గంపలు, ఏనుమాముల మార్కెట్టులో మిర్చి ధర తెలుసుకోవటానికి పోయే రైతులు, సీజన్ టికెటు జేబులో పెట్టుకున్న కూలీలు, విద్యార్థులు. బస్సులో గంపకు వేరే టికెటు, కండక్టరుతో వేరే తగువు. రైలులో గంప సీటు కింద పడుంటుంది. ఒక స్టేషనులో కూరగాయల అవ్వ ఒకామె మమ్మల్ని చూసి, "ఎవల ఇంటికొచ్చిండ్రు బిడ్డా?" అని అడిగింది. "స్టేషను చూద్దామని వచ్చినమవ్వా" అంటే నమ్మలేదు. "టేసను ఏం జూస్తరు, బండి ఆగేది జూడుండ్రి. అది ఆగకపోతే నాకు బేరమెక్కడిది" అన్నది. నేను రెండు పేజీలలో చెప్పబోయేది ఆమె ఒక ముక్కలో చెప్పింది.

ఆగకపోవటం అనేది ఉట్టి మాట కాదు. 2020 మార్చిలో కరోనా వచ్చి ప్రయాణికుల బండ్లన్నీ నిలిచిపోయినాయి. మళ్లీ నడిపించినప్పుడు చాలా ప్యాసింజర్లు ఎక్స్‌ప్రెస్ పేరుతో, ఎక్స్‌ప్రెస్ చార్జీతో వచ్చినాయి. పది రూపాయల కనీసపు టికెటు ముప్పై అయింది. పాత చార్జీ తిరిగి వచ్చింది 2024 ఫిబ్రవరిలో. దాదాపు అదే కాలంలో టైంటేబిలును మొదటినుంచి కొత్తగా రాసి, ఆదాయం లేని హాల్టులు తీసేయటం మొదలయింది. ఎక్స్‌ప్రెస్‌లలో పోయేవారికి అరగంట కలిసివచ్చింది. చిన్న ఊళ్లకు ఏమి కలిసివచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

దీనికి మన జిల్లాలోనే జరిగిన ముచ్చట ఉన్నది. నర్సంపేట ప్రాంతానికంతటికీ రైలు అంటే నెక్కొండ స్టేషనే. అక్కడ ఆగే బండ్లు ఒక్కొక్కటి తగ్గుతూ వచ్చినాయి. ఊరివాళ్లు పట్టుబడితే సికింద్రాబాదు, గుంటూరు ఇంటర్‌సిటీకి తాత్కాలికంగా హాల్టు ఇచ్చినారు, ఆదాయం చూపిస్తేనే ఉంటుంది అని షరతు. అప్పుడు నెక్కొండవాళ్లు చేసిన పని 2024 జనవరిలో పత్రికలకు ఎక్కింది. సుమారు 400 మంది వాట్సాప్‌లో గ్రూపు కట్టి, పాతిక వేల దాకా చందాలు పోగు చేసి, రోజూ అరవైకి పైగా టికెట్లు కొన్నారు. ఖమ్మానికి, సికింద్రాబాదుకు కొన్నారు. కొన్నవారు బండి ఎక్కలేదు. తమ బండి తమ ఊళ్లో ఆగటానికి కిరాయి కట్టినారన్న మాట. ఇది చదివి నవ్వినవారు ఉన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. బాయి మీద కరెంటు మోటరు నిలుపుకోవటానికి నీళ్లు లేనప్పుడు కూడా బిల్లు కట్టే రైతును నేను ఇంట్లోనే చూసినాను.

రైల్వే వైపు వాదం కూడా న్యాయంగా చూడాలి. బండి ఒకసారి ఆగితే ఎంత ఖర్చు? ఇది మన ఇంటర్మీడియట్ లెక్కే. బండి బరువు ఇంజనుతో కలిపి 1,200 టన్నులు, వేగం గంటకు 110 కిలోమీటర్లు, అంటే సెకనుకు 30.6 మీటర్లు అనుకుందాము. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే గతిశక్తి దాదాపు 56 కోట్ల జౌళ్లు. కరెంటు భాషలో 156 యూనిట్లు. బ్రేకు వేస్తే ఇది పోతుంది, మళ్లీ వేగం అందుకోవటానికి అంతే పెట్టాలి. కొత్తరకం ఇంజన్లు బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటును తీగలోకి తిరిగి పంపుతాయి, అది లాభం. యూనిటుకు ఏడు రూపాయలు వేసుకున్నా మొత్తం పదకొండు వందల లోపే. నలభై రూపాయల టికెటు తీసుకునేవారు ముప్పై మంది ఉంటే ఈ ఖర్చు వెళ్లిపోతుంది.

మరి లడాయి ఎక్కడ? టైము దగ్గర. నెమ్మదించి, ఒక నిమిషం ఆగి, మళ్లీ వేగం అందుకోవటానికి మూడు నాలుగు నిమిషాలు నష్టం. ఆ బ్లాకులో వెనక వచ్చే బండికీ అదే నష్టం. పట్టా నిండా బండ్లు ఉన్న లైనులో ఇది ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. ఇంకో చిక్కు కూడా ఉన్నది. 2022 సెప్టెంబరులో మన లైన్లలో వేగపరిమితిని 130 కిలోమీటర్లకు పెంచినారు. వేగం పెరిగింది 18 శాతమే, కాని గతిశక్తి వర్గం లెక్కన దాదాపు 40 శాతం పెరుగుతుంది. అంటే బండి ఎంత వేగంగా పోతే చిన్న స్టేషనులో ఆగటం అంత ఖరీదవుతుంది. వేగం పెంచినారని చప్పట్లు కొట్టినవారిలో ఈ సంగతి ఆలోచించినవారు తక్కువ.

నా దృష్టిలో అసలు లోపం ఆపాలా వద్దా అనే దాంట్లో లేదు, లెక్కపెట్టే పద్ధతిలో ఉన్నది. ఆ స్టేషను కిటికీలో తెగిన టికెట్లే ఆ స్టేషను ఆదాయం అంటే, వరంగల్లులో రానుపోను టికెటు కొన్న మనిషి వరంగల్లు ఖాతాలోనే పడతాడు. కూరగాయల అవ్వ ఇచ్చేది పది రూపాయలు, ఆమె గంప ఆ రోజు ఇంటికి తెచ్చేది ఎంతో ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. ఇక మన విద్యార్థిలోకంలో టికెటు తీసుకోని వీరులు కొందరు ఉన్నారు. రెండు స్టేషన్లే గదా అని ఎక్కేస్తారు. వారు మిగుల్చుకునేది పది రూపాయలు. కాని రిజిస్టరులో తమ ఊరి స్టేషనులో ఒక మనిషి లేడని రాయిస్తున్నారు. నెక్కొండవాళ్లు ఎక్కకుండా టికెటు కొంటే వీరు కొనకుండా ఎక్కుతున్నారు.

ఈ గొడవ మనకొక్కరికే కాదు. ఇంగ్లండులో ఏటా ఏ స్టేషనును ఎంతమంది వాడినారో టికెట్లను బట్టి లెక్క గట్టి అచ్చు వేస్తారు. 2015-16లో షిప్పియా హిల్ అనే స్టేషనుకు పడిన లెక్క 12. రోజుకు కాదు, ఏడాదికి! అది చదివి జనం ఆ స్టేషను చూడటానికే పోవటం మొదలుపెట్టినారు, మరుసటి ఏడు లెక్క వంద దాటింది. జపానులో ఇటువంటి మారుమూల స్టేషన్లను వెతుక్కుంటూ పోవటం ఒక పెద్ద సరదా, దానికి వేరే పేరే ఉన్నది. అక్కడ హొక్కైడో దీవిలో కొబోరో అనే స్టేషనుకు రోడ్డు లేదు, ఇటు సొరంగం, అటు సొరంగం. రైలు కంపెనీ మూసేస్తానంటే దగ్గరి పట్టణం తొయోఉరా వాళ్లు ఖర్చు మేము భరిస్తామని నిలుపుకున్నారు. నెక్కొండవాళ్లు చందా వేసుకున్నారు, అక్కడ మునిసిపాలిటీ కట్టింది, అంతే తేడా.

మనకు ఒక ఆశ ఏమంటే మూడో లైను. కాజీపేట నుంచి విజయవాడకు సుమారు 220 కిలోమీటర్లు, బల్లార్షాకు సుమారు 200 కిలోమీటర్లు మంజూరయింది, కొన్ని ముక్కల్లో బండ్లు నడుస్తున్నాయి కూడా. గూడ్సులకు వేరే పట్టా దొరికితే ప్యాసింజరు ఆగే నాలుగు నిమిషాలు ఎవరికీ అడ్డం కావు. అప్పుడు హాల్టుల సంగతి మళ్లీ అడగటానికి మన ప్రజాప్రతినిధులకు నోరు ఉండాలి.

చూడాలనుకునే మిత్రులకు రెండు మాటలు. పోయే బండి కాదు, వచ్చే బండి టైము ముందు చూసుకోవాలి. రోజుకు ఒకటో రెండో ఆగే చోట తిరుగు బండి రాత్రికి ఉండవచ్చు, అసలు ఉండకపోవచ్చు. నీళ్లు, తినటానికి ఏమన్నా కట్టుకొని పోవాలి, చాలా చోట్ల కొట్టు ఉండదు. పట్టాల మీద నడిచి ఫోటోలు దిగటం 1989 రైల్వే చట్టం 147వ సెక్షను కింద నేరం, ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. అంతకన్నా ముఖ్యం, ఇప్పుడు కరెంటు బండ్లు చప్పుడు లేకుండా వస్తాయి. డ్యూటీలో ఉన్న సారును పలకరించి, ఆయనకు పని లేనప్పుడు మాత్రమే అడగండి, ప్యానెలు మీద ఎర్రదీపం తెల్లబడటం, ముందు స్టేషను గంట మోగటం ఓపికగా చెప్తారు. బోర్డు మీద ఊరి పేరు కింద సముద్రమట్టానికి ఎంత ఎత్తో మీటర్లలో రాసి ఉంటుంది, నోటుబుక్కులో రాసుకోండి. మేము అట్లా పదకొండు స్టేషన్లవి రాసుకొని గ్రాఫు గీసినాము. కాజీపేట నుంచి డోర్నకల్లు దాకా నేల ఎట్లా వాలుతూ పోతుందో, వాన నీళ్లు ఎటు పరుగెత్తుతాయో ఆ గీతలో కనపడుతుంది. గ్రాఫు ఫిజిక్సు లాబొరేటరీ గోడకు అంటించినాము, తప్పులుంటే చెప్పగలరు. మిగిలిన స్టేషన్లు వేసవి సెలవుల్లో పూర్తి చేయాలి. వచ్చేవారు తమ పేర్లు ఇవ్వవచ్చు, టికెటు ఎవరిది వారే కొనుక్కోవాలి.